రాత్రి బయలుదేరే సరుకు: మన వైపు కార్గో విమానాల కథ

(చెన్నైలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసింది.)

పెద్దలందరికీ నమస్కారం. అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, వెనక నిలబడ్డ కుర్రాళ్లకు కూడా నమస్కారం. ముందు వరుసలో ఇంకా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి బాబూ. గంటసేపు నిలబడితే కాళ్లు లాగుతాయి.

విమానాల చరిత్ర అనగానే అందరూ ప్రయాణికుల గురించే అనుకుంటారు. మొదటి విమానం ఎవరు నడిపారు, టికెట్ ఎంత ఉండేది, లోపల భోజనం ఏం పెట్టేవారు, ఇలాంటివి. నేను ఇవాళ మనుషుల్ని ఎక్కించుకోని విమానాల గురించి మాట్లాడతాను. కిటికీలు ఉండవు. ఉన్నా మూసేసి ఉంటాయి. రాత్రి పదకొండు తర్వాత బయలుదేరి, మీరు కాఫీ తాగే వేళకి వేరే ఊళ్లో దిగి ఉంటాయి. పల్లావరంలోనో, క్రోంపేటలోనో ఉండేవాళ్లకి ఆ చప్పుడు తెలుసు. అవునా? తలలూపుతున్నారు, చూశారా. ఆ విమానంలో ఏముందో ఎప్పుడైనా అడిగారా? మీ ఇంటికి రేపు పొద్దున రావలసిన పార్సెల్ అందులో ఉంటుంది. ఎవరికో కావలసిన మందు ఉంటుంది. ఒక ఫ్యాక్టరీ ఆగిపోకుండా నిలబెట్టే చిన్న విడిభాగం ఉంటుంది.

నేను ఇక్కడి మీనంబాక్కం విమానాశ్రయంలో చాలా ఏళ్లు రాత్రి షిఫ్టుల్లో లోడ్ కంట్రోల్ పని చేశాను. విమానంలో ఏ బరువు ఎక్కడ పెట్టాలో లెక్క కట్టే పని అది. ఆ పనిలో ఉండగా కార్గో కంపెనీలు పుట్టడం చూశాను, మూతపడటం చూశాను. ఎందుకు కొన్ని నిలిచాయి, ఎందుకు కొన్ని రెండేళ్లకే పోయాయి? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నాకు తోచిన జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత కథలో మీరే సరిచూసుకోండి. విమానం ఉన్నవాడు నిలవలేదు. సరుకు ఉన్నవాడు నిలిచాడు.

ఎక్కడ మొదలైంది ఇదంతా? మన దేశంలోనే. 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్‌లో హెన్రీ పెకే అనే ఫ్రెంచి కుర్రాడు ఒక చిన్న విమానంలో ఆరువేల అయిదువందల దాకా ఉత్తరాలు పెట్టుకుని, నది దాటి నైనీలో దిగాడు. పదిహేను నిమిషాల లోపు ప్రయాణం. ప్రపంచంలో అధికారికంగా విమానంలో వెళ్లిన మొదటి టపా అది. అంటే ఏమిటి? మనిషి టికెట్ కొనుక్కుని విమానం ఎక్కడానికి ముందే మన దేశంలో ఉత్తరం విమానం ఎక్కింది. ఇది గుర్తుపెట్టుకోండి.

తర్వాత 1932 అక్టోబర్ 15. ఈ తేదీ మీకు తెలిసే ఉంటుంది. జే.ఆర్.డి. టాటా కరాచీ నుంచి పుస్ మాత్ అనే ఒంటి ఇంజన్ విమానంలో బయలుదేరి, అహ్మదాబాద్‌లో ఆగి, బొంబాయి జుహూలో దిగారు. అహ్మదాబాద్‌లో పెట్రోలు డబ్బాలు ఎద్దుబండి మీద వచ్చాయి. అందరూ ఇక్కడితో కథ ఆపేస్తారు. కానీ ఆ టపా బొంబాయికి మాత్రమే కాదండీ, మద్రాసుకి కూడా! బొంబాయి నుంచి నెవిల్ విన్సెంట్ అందుకున్నాడు. ఆయన బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసిన పైలట్. ఈ సర్వీసు ఆలోచనే ఆయనది. బళ్లారిలో ఆగి, ఇక్కడికి, మన మద్రాసుకి వచ్చాడు. బళ్లారి వాళ్లు ఎవరైనా ఉన్నారా సభలో? ఉన్నారు, సంతోషం. మీ ఊరు టాటాల మొదటి విమాన టపా దారిలో ఒక మజిలీ అండీ. పిల్లలకి చెప్పండి.

ఆ మొదటి సంచీ బరువు ఎంతో తెలుసా? 25 కిలోలు. అంతే. ఇవాళ ఒక మనిషి విమానం ఎక్కేటప్పుడు చెకిన్‌లో ఇచ్చే పెట్టె బరువు దాదాపు అంత. ఆ 25 కిలోల కోసం ఒక విమాన సంస్థ పుట్టింది. దాని పేరే టాటా ఎయిర్ మెయిల్. లండన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కరాచీ దాకా టపా తెచ్చి పడేస్తే, అక్కడి నుంచి దక్షిణాదికి రైల్లో రావడానికి రోజులు పట్టేది. ఆ రోజుల్ని మిగల్చడమే వీళ్ల వ్యాపారం. ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వలేదు. మోసిన టపాకి ఇంత అని కూలి, అంతే. మొదటి సంవత్సరం లెక్కలు చూస్తే లక్షా అరవై వేల మైళ్లు తిరిగారు, 155 మంది ప్రయాణికులు ఎక్కారు, పది టన్నులకి కాస్త తక్కువ టపా మోశారు, 60,000 రూపాయల లాభం వచ్చింది. 155 మంది! ఏడాదికి! ఆ లాభం ప్రయాణికుల వల్ల రాలేదు. ఉత్తరాల వల్ల వచ్చింది. మోయడానికి సరుకు ముందే చేతిలో ఉంది, దాని తర్వాతే విమానం వచ్చింది. నేను మొదట చెప్పిన మాట ఇక్కడే మొదలవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికన్ సైన్యం వదిలేసి వెళ్లిన డకోటా అనే రవాణా విమానాలు చవగ్గా దొరికాయి. దాంతో ఎక్కడపడితే అక్కడ విమాన కంపెనీలు లేచాయి. మన వైపు, హైదరాబాద్‌లో, నిజాం స్టేట్ రైల్వే చొరవతో డెక్కన్ ఎయిర్‌వేస్ వచ్చింది. బేగంపేట నుంచి డకోటాలు మద్రాసుకి, నాగపూర్‌కి, ఢిల్లీకి. మన దేశంలో కమర్షియల్ పైలట్‌గా పనిచేసిన మొదటి మహిళ ప్రేమ్ మాథుర్‌కి ఉద్యోగం ఇచ్చింది ఈ కంపెనీయే. మిగతా కంపెనీలు అప్పటికి వద్దనేశాయి. ఇది కార్గో కథలో భాగం కాదు, కానీ హైదరాబాద్ కంపెనీ చేసిన మంచి పని, చెప్పకుండా ముందుకి పోవడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. 1949 జనవరి. కమ్యూనికేషన్ల మంత్రి రఫీ అహ్మద్ కిద్వాయ్. ఆయన పట్టుబట్టి ఒక పథకం పెట్టించారు. రాత్రి విమాన టపా. నైట్ ఎయిర్ మెయిల్. ఎలా నడిచేదో చూడండి. రాత్రి భోజనాల వేళ దాటాక నాలుగు ఊళ్ల నుంచి నాలుగు విమానాలు లేస్తాయి. మద్రాసు నుంచి ఒకటి, బొంబాయి నుంచి ఒకటి, కలకత్తా నుంచి ఒకటి, ఢిల్లీ నుంచి ఒకటి. నాలుగూ అర్ధరాత్రి దాటాక నాగపూర్‌లో దిగుతాయి. ఎందుకు నాగపూర్? మ్యాప్ తీసి చూడండి. నాలుగు మూలలకీ నడిమధ్య. మద్రాసు నుంచి గాలిలో తొమ్మిది వందల కిలోమీటర్లు, డకోటాకి మూడు, మూడున్నర గంటల ప్రయాణం. అక్కడ నేల మీద సంచులు మార్చుకుంటారు. మద్రాసు విమానంలో వచ్చిన ఢిల్లీ సంచి ఢిల్లీ విమానంలోకి, కలకత్తా సంచి కలకత్తా విమానంలోకి. తెల్లవారేసరికి ఎవరి ఊరికి వాళ్లు వెనక్కి. సాయంత్రం మౌంట్ రోడ్డు పోస్టాఫీసులో వేసిన ఉత్తరం మర్నాడు ఢిల్లీలో పంచేవారు. అది కూడా అదనపు స్టాంపు లేకుండా!

ఇందులో ఉన్న తెలివి మీకు అర్థమవుతోందా? నాలుగు ఊళ్లని ఒకదానితో ఒకటి నేరుగా కలపాలంటే ఆరు దారులు కావాలి, రెండు వైపులా ఎన్ని విమానాలు తిప్పాలో మీరే చూసుకోండి. మధ్యలో ఒక ఊరు పెట్టుకుంటే నాలుగు విమానాలతో పని అయిపోయింది. దీన్నే ఇప్పుడు హబ్ అంటున్నారు. మేనేజ్‌మెంట్ కాలేజీల్లో పిల్లలకి ఏం చెబుతారు? 1973 ఏప్రిల్‌లో అమెరికాలో ఫ్రెడ్ స్మిత్ అనే ఆయన మెంఫిస్ ఊళ్లో ఫెడెక్స్ మొదలుపెట్టాడని, మొదటి రాత్రి 14 చిన్న విమానాలు 25 ఊళ్లకి 186 పార్సెళ్లు మోశాయని చెబుతారు. నిజమే, గొప్ప పనే. కానీ దానికి ఇరవై నాలుగేళ్ల ముందు నాగపూర్‌లో మన పోస్టల్ శాఖ అదే పని రోజూ చేసింది. రోజూ! ఇది ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. ముగ్గురు, నలుగురు. ఇంత పెద్ద సభలో నలుగురు. ఇది మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నేను ఎక్కడ అవకాశం దొరికినా అడుగుతూ ఉంటాను.

ఆ సర్వీసు డెబ్బైల మొదటి దాకా నడిచింది. ఈలోగా 1953లో విమాన కంపెనీలన్నిటినీ జాతీయం చేశారు. డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది కంపెనీలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. దాని మంచిచెడ్డలు ఇవాళ నా విషయం కాదు. సరుకు సంగతి మాత్రం చెబుతాను. జెట్ విమానాలు వచ్చాక పగటిపూట ప్రయాణికుల విమానాల కింద, కడుపులో, టపా పట్టేస్తోంది. ప్రత్యేకంగా రాత్రి విమానం ఎందుకు అన్నారు. అలా రెండు దశాబ్దాలు సరుకు అనేది ప్రయాణికుల కాళ్ల కింద చోటు మిగిలితే వెళ్లే వస్తువు అయిపోయింది. పెళ్లిళ్ల సీజన్‌లో అందరి సామాన్లు ఎక్కువైతే ముందు దించేది ఎవర్ని? సరుకుని. దాన్ని ఆఫ్‌లోడ్ అంటాం. ప్రయాణికుడు అరుస్తాడు, పార్సెల్ అరవదు కదా.

సరే, పార్సెల్ అరవదు. దాని యజమాని అరుస్తాడు. ఎవరి మీద? కొరియర్ కుర్రాడి మీద. అక్కడి నుంచే తర్వాతి అధ్యాయం మొదలైంది.

మద్రాసులో స్థిరపడిన విమానాలు

1983లో ముంబైలో ముగ్గురు మిత్రులు బ్లూ డార్ట్ అనే కొరియర్ కంపెనీ పెట్టారు. తుషార్ జానీ, ఖుష్రూ దుబాష్, క్లైడ్ కూపర్. వాళ్లు విమానాలతో మొదలుపెట్టలేదు. సంచులతో, స్కూటర్లతో, కౌంటర్లతో మొదలుపెట్టారు. పన్నెండు పదమూడేళ్లు ఊరూరా గిరాకీ కూడబెట్టుకున్నారు. రోజూ సాయంత్రం ఆరు గంటలకి ఏ ఊళ్లో ఎన్ని కిలోలు పోగవుతాయో వాళ్ల దగ్గర లెక్క ఉంది. 1990లో ప్రభుత్వం సరుకు వరకు ఆకాశం తెరిచింది. 1994లో, ప్రభుత్వ సంస్థలే విమానాలు నడపాలన్న పాత చట్టమే రద్దయింది. 1996లో వాళ్ల సొంత విమానాలు ఎగిరాయి. బోయింగ్ 737-200 ఫ్రైటర్లు, అంటే సరుకు మాత్రమే మోసే విమానాలు. బ్లూ డార్ట్ ఏవియేషన్. ఆ విమానాలకి స్థావరం, రిపేర్లు, ఇంజనీర్లు, అన్నీ ఎక్కడ పెట్టారు? ముంబైలో కాదు, ఢిల్లీలో కాదు. ఇక్కడ, మీనంబాక్కంలో.

అదే సమయంలో ఇంకా కొందరు దిగారు. ఎల్బీ అనే కొరియర్ కంపెనీ వాళ్లు ఫోకర్ ఫ్రెండ్‌షిప్ విమానాలతో, ఒక పెద్ద వ్యాపార కుటుంబం జర్మన్ కంపెనీతో కలిసి బోయింగ్ 727లతో. తర్వాత మన చెన్నై నుంచే క్రెసెంట్ ఎయిర్ కార్గో అని ఫోకర్ 50లతో ఒకటి వచ్చింది. ఇవేవీ నిలవలేదు. ఎందుకు నిలవలేదో చెప్పాలంటే ముందు ఈ విమానం లోపలికి తీసుకెళ్లాలి మిమ్మల్ని. రండి.

పాలెట్ అంటే ఒక అల్యూమినియం రేకు. సుమారు పది అడుగుల అయిదంగుళాల పొడవు, ఏడడుగుల నాలుగంగుళాల వెడల్పు. షెడ్డులో దాన్ని రోలర్ల మీద పెడతారు. లోడర్లు పెట్టెలు పేరుస్తారు. బరువైనవి అడుగున, సున్నితమైనవి పైన, విమానం గోడ వంపు ఎలా ఉందో పైవరస అలాగే వంపు తిరగాలి. లేకపోతే తలుపులో నుంచి దూరదు. పైన వల కప్పి, నాలుగు వైపులా కొక్కేలు బిగిస్తారు. నవంబర్ నెలలో, ఇక్కడ వాన మొదలైతే మీకు తెలుసు కదా, వల కింద ప్లాస్టిక్ పట్టా కూడా వేయాలి. షెడ్డులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు. పేర్చడం అయ్యాక అరచేత్తో పాలెట్ మూలని ఒక తోపు తోసేవాడు. "కదిలింది బాబూ, విప్పండి" అంటే విప్పాల్సిందే. అరగంట పోయినా సరే, కెప్టెన్ కబురు మీద కబురు పంపినా సరే. మళ్లీ పేర్చేవాళ్లు. ఆయన చెయ్యి వేసిన పాలెట్ గాలిలో కదిలిందన్న మాట నేను వినలేదు.

తర్వాత ఒక్కో పాలెట్‌ని తూకం వేస్తారు. ఆ చీటీ నా దగ్గరికి వస్తుంది. ఇప్పుడు ఏ పాలెట్ ముందు, ఏది వెనక? మన ఊళ్లలో కావడి మోసేవాణ్ని చూశారు కదా. రెండు కుండల బరువు సమానంగా లేకపోతే భుజం జరుపుకుంటాడు. విమానం భుజం జరుపుకోలేదు. రెక్కలు ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి. అందుకని బరువునే జరపాలి. ట్రిమ్ షీటు అని ఒక కాగితం ఉంటుంది, దాని మీద గీతలు గీసుకుంటూ వస్తే చివరి గీత ఆ కాగితం మీద గీసి ఉన్న గడి లోపల పడాలి. బయట పడితే విమానం కదలకూడదు. లోడింగ్ జరిగేటప్పుడు తోక కింద ఒక ఊత కూడా పెడతాం. వెనక బరువు ముందే పడితే ముక్కు పైకి లేచి విమానం తోక మీద కూర్చుండిపోతుంది. మనుషుల విమానంలో ఈ బాధ తక్కువ, మనుషులు నడిచి వెళ్లి వాళ్ల సీట్లలో కూర్చుంటారు. సరుకు నడవదు. దాన్ని మనమే కూర్చోబెట్టాలి, మనమే దించాలి.

ఇంకొకటి. ఇదే అసలు కీలకం. మనిషి ఢిల్లీ వెళితే ఏం చేస్తాడు? తిరిగి వస్తాడు. అందుకే ప్రయాణికుల విమానం రెండు వైపులా నిండుతుంది. సరుకు తిరిగి వస్తుందా? ఇక్కడి నుంచి ఢిల్లీ వెళ్లిన మోటారు భాగం మళ్లీ రాదు. వెనక్కి వచ్చేటప్పుడు ఆ విమానంలో ఏం పెడతారు? ఇంధనం రెండు వైపులకీ కాలుతుంది. డబ్బు ఒక వైపే వస్తుంది. చాలా కంపెనీలు ఇక్కడే మునిగాయి. బ్లూ డార్ట్ ఎందుకు మునగలేదు? ప్రతి ఊళ్లోనూ దానికి సొంత గిరాకీ ఉంది. ఢిల్లీలోనూ సాయంత్రం సంచులు నిండుతున్నాయి, కోల్‌కతాలోనూ నిండుతున్నాయి, బెంగళూరులోనూ నిండుతున్నాయి. విమానం ఎటు తిరిగినా మోయడానికి ఏదో ఒకటి ఉంది. విమానం మాత్రమే ఉన్నవాడు ఏం చేశాడు? ప్రతి రాత్రీ సరుకు కోసం ఏజెంట్ల చుట్టూ తిరిగాడు. వాళ్లు రేటు తగ్గించమన్నారు. తగ్గించాడు. మూతపడ్డాడు.

ఇంకో సంగతి కూడా గమనించండి. ఈ విమానాలు పాతవి. పదిహేను, ఇరవై ఏళ్లు మనుషుల్ని మోసిన విమానాన్ని కొని, సీట్లు పీకేసి, ఎడమవైపు పెద్ద తలుపు కోసి ఫ్రైటర్‌గా మారుస్తారు. ఎందుకు? కొత్త విమానం పగలూ రాత్రీ తిరిగితేనే దాని వాయిదాలు కట్టగలరు. కార్గో విమానం రాత్రి నాలుగైదు గంటలు తిరిగి పగలంతా నిలబడి ఉంటుంది. అందుకే చవకది కావాలి. చవకది పాతదే, పాతది ఇంధనం తాగుతుంది. మన రాష్ట్రాల్లో విమాన ఇంధనం మీద పన్ను ఎంతో తెలుసా? తమిళనాడులో చాలాకాలం 29 శాతం ఉండేది. ఏటీఆర్ లాంటి, పంకాలు తిరిగే చిన్న టర్బోప్రాప్ విమానాలకి మాత్రం నాలుగైదు శాతమే. ఇది మనసులో పెట్టుకోండి, ఇప్పుడు బెంగళూరు వెళుతున్నాం.

కెప్టెన్ గోపీనాథ్ గురించి వినని వాళ్లు ఉండరు. సైన్యంలో చేసి, వ్యవసాయం చేసి, హెలికాప్టర్లు నడిపి, 2003లో ఎయిర్ డెక్కన్ పెట్టి, రైల్లో తప్ప వెళ్లని లక్షలమందిని విమానం ఎక్కించిన మనిషి. అది కింగ్‌ఫిషర్ చేతికి వెళ్లాక ఆయన ఊరుకోలేదు. సరుకు మీద దృష్టి పెట్టారు. డెక్కన్ 360 అన్నారు. 2009 చివర్లో మొదలైంది. కేంద్ర కార్యాలయం బెంగళూరు. హబ్ ఎక్కడ పెట్టారో చెప్పండి చూద్దాం? నాగపూర్! మళ్లీ అదే నాగపూర్. అరవై ఏళ్ల తర్వాత. ఎయిర్‌బస్ ఏ310లు పెద్ద ఊళ్లకి, ఏటీఆర్‌లు చిన్న ఊళ్లకి, కింద లారీలు. దేశం నాలుగు మూలల నుంచి రాత్రి నాగపూర్ చేరి, సంచులు మార్చుకుని, తెల్లవారేసరికి వెనక్కి. నాకు ఆ వార్త చదివినప్పుడు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. కిద్వాయ్ గారి పథకం మళ్లీ లేచిందనుకున్నాను.

2011లో ఆగిపోయింది. రెండేళ్లు నిండలేదు.

ఆలోచన తప్పా? కాదు. ఆలోచన సరైందని 1949లోనే రుజువైంది. మరి ఏం జరిగింది? 1949లో మొదటి రాత్రి నుంచే సంచులు నిండి ఉన్నాయి, ఎందుకంటే దేశం మొత్తం ఉత్తరాలు పోస్టల్ శాఖ చేతిలో ఉన్నాయి. 2009లో విమానాలు ముందు వచ్చాయి, గిరాకీ తర్వాత పోగవుతుందని నమ్మారు. గిరాకీ పోగవడానికి పదేళ్లు పడుతుంది. ఏ310 లాంటి రెండు నడవల పాత విమానం పదేళ్లు సగం ఖాళీగా తిరగలేదు. పైగా 2011లో పీపా ముడిచమురు వంద డాలర్లు దాటింది. ఇక రోడ్లు. ఇది ఎవరూ పెద్దగా చెప్పరు. స్వర్ణ చతుర్భుజి రహదారి పూర్తయ్యేసరికి చెన్నై నుంచి బెంగళూరు, మూడువందల యాభై కిలోమీటర్లు, లారీ రాత్రి బయలుదేరితే తెల్లవారకుండా చేరుతోంది. హైదరాబాద్ కూడా ఒక రాత్రిలో. అలాంటి చోట విమానం ఎందుకు? చిన్న దూరాలన్నీ లారీ పట్టుకుపోయింది. విమానానికి మిగిలింది వెయ్యి కిలోమీటర్లు దాటిన దూరాలే.

గోపీనాథ్ గారంటే నాకు గౌరవం. ఆ పని చేయాలని ఆయన తప్ప ఇంకెవరూ ముందుకు రాలేదు. నాగపూర్ మీద మళ్లీ చెయ్యి వేసే ధైర్యం ఆ తర్వాత అంత పెద్ద ఎత్తున ఎవరూ చేయలేదు. ఇది నేను బాధతోనే చెబుతున్నాను.

ఇటు మన మీనంబాక్కంలో ఏం జరిగింది? 2004లో డీహెచ్ఎల్ అనే విదేశీ కొరియర్ కంపెనీ బ్లూ డార్ట్‌లో ఎనభై ఒక్క శాతం వాటా కొంది. 2006 నుంచి 757 విమానాలు వచ్చాయి. ఒక్కోదానిలో 15 పాలెట్లు పడతాయి. 737-200కి దాదాపు రెట్టింపు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, రాత్రిపూట రన్‌వే మీద నిలబడితే చూడముచ్చటగా ఉంటుంది. నేను పనిచేసిన విమానాలన్నిట్లో నాకు ఇష్టమైంది అదే. బోయింగ్ వాళ్లు 2004లోనే దాని తయారీ ఆపేశారు, అయినా ఇవాళ్టికీ ఎగురుతూనే ఉన్నాయి. ఈ మధ్య 737-800 ఫ్రైటర్లు కూడా చేరాయి.

కరోనా రోజులు గుర్తున్నాయా? 2020 మార్చి చివర దేశంలో ప్రయాణికుల విమానాలన్నీ ఆగిపోయాయి. అంటే వాటి కడుపులో వెళ్లే సరుకు కూడా ఆగిపోయింది. మందులు, టెస్టు కిట్లు, మాస్కులు ఎలా వెళ్లాలి? లైఫ్‌లైన్ ఉడాన్ అని ప్రభుత్వం పథకం పెట్టి ఎయిర్ ఇండియాని, వైమానిక దళాన్ని దింపింది. ప్రైవేటు కార్గో విమానాలూ తిరిగాయి. చైనాలోని గ్వాంగ్‌జౌ నుంచి కూడా మందుల సరుకు తెచ్చారు. ఊరంతా తలుపులు వేసుకున్న ఆ రాత్రుల్లో షెడ్డులో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. 2021 జనవరి 12న పుణె నుంచి టీకాలు బయలుదేరాయి. ఒక్క రోజులో 13 నగరాలకి 56.5 లక్షల డోసులు. చెన్నై ఉంది, హైదరాబాద్ ఉంది, విజయవాడ ఉంది. అవి ప్రయాణికుల విమానాల్లోనే వచ్చాయి. గన్నవరంలో ఆ పెట్టెలు దిగుతుంటే టీవీలో చూసి మా ఇంట్లో అందరం లేచి నిలబడ్డాం.

ఇప్పుడున్న స్థితి త్వరగా చెప్పేస్తాను, టైం అవుతోంది. 2022లో ఇండిగో ఏ321 విమానాన్ని ఫ్రైటర్‌గా మార్చి తెచ్చింది, 27 టన్నులు మోస్తుంది. 2023 జనవరిలో హైదరాబాద్‌లో అమెజాన్ ఎయిర్ మొదలైంది. ఆ విమానాలు నడిపింది బెంగళూరు కంపెనీ క్విక్‌జెట్. క్విక్‌జెట్ కథ చూడండి. అంతకుముందు సొంతంగా ప్రయత్నించి ఆగిపోయింది. మళ్లీ ఎలా లేచింది? సరుకు ఉన్నవాడు వచ్చి తన పార్సెళ్లు చేతిలో పెట్టాడు కాబట్టి. చెన్నై నుంచి యాఫ్‌కామ్ అని కొత్త సంస్థ వచ్చింది, 2024లో 737-800 ఫ్రైటర్లతో మొదలుపెట్టి ఆగ్నేయాసియా వైపు ఎగురుతోంది. మన ఊరి కంపెనీ, బాగుండాలి. వాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే, వచ్చేటప్పుడు ఏం తెస్తున్నారో చూసుకోండి.

రొయ్య తల్లి కూడా విమానంలోనే

ఇందాక టీ తాగేటప్పుడు భీమవరం నుంచి వచ్చిన ఒకాయన అడిగారు. మా జిల్లా నుంచి ఇంత రొయ్య వెళుతోంది, గన్నవరం నుంచి కార్గో విమానం ఎందుకు పెట్టరు అని. మంచి ప్రశ్న. మీరంతా వినాలని ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఒక సంగతి. మీ చెరువుల్లో పెరిగే వనామి రొయ్యకీ ఈ చెన్నైకీ ఏం సంబంధమో తెలుసా? వనామి మన సముద్రంలో పుట్టిన జాతి కాదు. దాని తల్లి రొయ్యలు అమెరికా వైపు నుంచి విమానంలో వస్తాయి. వచ్చి ఎక్కడ దిగుతాయి? మీనంబాక్కంలో. ఇక్కడ నీలాంకరైలో, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద, రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం వాళ్ల క్వారంటైన్ ఉంది. 2009 నుంచి నడుస్తోంది. వాటికి జబ్బులున్నాయా లేవా అని పరీక్షించాకే మన కోస్తా హేచరీలకి వదులుతారు. ఆ పెట్టెలు వచ్చిన రాత్రి కార్గో షెడ్డులో ఎవరూ కూర్చోరు. లోపల ప్లాస్టిక్ సంచిలో నీళ్లు, నీళ్ల పైన ఆక్సిజన్, చల్లదనం తగ్గకుండా థర్మాకోల్. ఆలస్యం అయ్యేకొద్దీ ప్రాణాలు పోతాయి. గంటకి ఎంత నష్టమో లెక్క కట్టడం కష్టం. ఒక్కో తల్లి నుంచి లక్షల పిల్లలు కదా. నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా కోస్తా చెరువుల్లో వనామి వేసిన రైతు బతుకంతా ఆ థర్మాకోల్ పెట్టెల దగ్గర మొదలవుతుంది.

అంత విలువైన సరుకు కాబట్టి అది విమానం ఖర్చు భరిస్తుంది. మరి పెరిగిన రొయ్య? దాన్ని శుభ్రం చేసి, గడ్డకట్టించి, కంటైనర్లో పెట్టి ఓడలో పంపుతారు. గడ్డకట్టిన రొయ్యకి తొందర లేదు. తొందర లేని సరుకు ఎప్పటికీ విమానం ఎక్కదు, ఎక్కించినా రెండో నెలలో దిగిపోతుంది. శ్రీసిటీలో తయారైన ఫోన్లకి తొందర ఉంది, విలువ ఉంది, బరువు లేదు. అవి విమానం ఎక్కుతాయి. కానీ శ్రీసిటీ ఉన్న తడ నుంచి చెన్నై విమానాశ్రయం లారీకి రెండు మూడు గంటలు, అందుకని ఇక్కడికే వస్తాయి. గన్నవరంలో ప్రాణమున్న పీతలు ఉన్నాయి, పూలు ఉన్నాయి, మే నెలలో మామిడి ఉంది. ఇవన్నీ బయటికి వెళ్లేవే. లోపలికి వచ్చేది ఏమిటి? మందులు, ఆన్‌లైన్ పార్సెళ్లు, మోటారు విడిభాగాలు. అవి ఇప్పుడు హైదరాబాద్‌లో దిగి, రాత్రి లారీలో అయిదారు గంటల్లో విజయవాడ చేరుతున్నాయి. ఆ లారీ కంటే ముందు చేర్చాలి, లారీ కంటే మరీ ఖరీదు కాకూడదు. అది ఏ విమానం చేయగలదు? ఏటీఆర్ చేయగలదు, ఎనిమిది టన్నులు మోస్తుంది, ఇంధనం మీద పన్నూ తక్కువే. రోజూ అటు ఎనిమిది టన్నులు, ఇటు కనీసం అయిదు టన్నులు కావాలి. రోజూ. మామిడి ఉన్న రెండు నెలలూ కాదు, ఏడాది పొడుగునా.

అందుకని భీమవరం బాబాయి గారికి నా మనవి ఏమిటంటే, విమానం కావాలని మంత్రిగారికి అర్జీ పెట్టే ముందు మీ రైతు సంఘం, విజయవాడ మందుల హోల్‌సేల్ వాళ్లు, కొరియర్ ఏజెంట్లు ఒక రోజు కలిసి కూర్చోండి. ఏ వారం ఎవరి దగ్గర ఎన్ని కిలోలు, ఎటు వెళ్లాలి, ఎన్ని గంటల్లో చేరాలి, కిలోకి ఎంత ఇవ్వగలరు, ఇవి రాసుకోండి. వచ్చే సరుకు వెళ్లే సరుకు వేరువేరు కాగితాల మీద రాయండి. ఒక ఏడాది లెక్క చేతిలో ఉంటే విమానం అద్దెకి ఇచ్చేవాళ్లు వాళ్లే వస్తారు. లెక్క వేయడానికి నేను వస్తాను, రైలు టికెట్ కూడా అక్కర్లేదు, మా అక్కగారిది ఏలూరే.

ఇప్పుడు మీ ప్రశ్నలు. అటు చివర ఆకుపచ్చ చీర కట్టుకున్న అమ్మాయి చాలాసేపటి నుంచి చెయ్యెత్తే ఉంది. మైకు అటు ఇవ్వండి బాబూ.